పర్లాకిమిడిలో పిల్లల చదువు: ప్రైవేటు బడికి కట్టే డబ్బుతో మనం కొంటున్నది ఏమిటి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. బజారులో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. అన్ని ఖర్చులూ పోగా నెలకు సుమారు 22,000 రూపాయలు మిగులుతాయి. మా అమ్మాయి సర్కారు ప్రాథమిక పాఠశాలలో తెలుగు మాధ్యమంలో ఐదో తరగతి చదువుతోంది. అబ్బాయిని వచ్చే ఏప్రిల్‌లో ఒకటో తరగతిలో చేర్చాలి. ఇద్దరినీ ఊళ్లోని ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడిలో వేయాలని మా ఇంటివారి పట్టుదల. నాకు మనసు ఒప్పడం లేదు, అలాగని కాదనడానికి బలమైన కారణమూ దొరకడం లేదు.

లెక్క చెబుతాను. నెలకు 1,500 చొప్పున ఫీజు ఏడాదికి 18,000. వార్షిక రుసుము 6,000. పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు కలిపి 5,500. వ్యాను నెలకు 800, పదకొండు నెలలకు 8,800. ఇవి కాక ట్యూషన్ నెలకు 500, అంటే ఏడాదికి 6,000. అంత ఫీజు కట్టాక ట్యూషన్ ఎందుకని మా బంధువును అడిగితే, బడిలో అర్థం కానిది అక్కడ చెబుతారని ఎంతో మామూలుగా సమాధానమిచ్చాడు. మొత్తం ఒక్కొక్కరికి 44,300, ఇద్దరికీ 88,600 రూపాయలు. నా ఏడాది రాబడిలో మూడో వంతుకు కాస్త పైనే.

ఇంకొక దారి కూడా ఉంది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. అక్కడి బడిలో వేస్తే తెలుగూ నిలుస్తుంది, ఇంగ్లీషూ వస్తుందని కొందరి సలహా. ఇక్కడే ఉంచితే ఉన్నత పాఠశాలలో ఒడియా మాధ్యమానికి మారాలి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు అయితే పిల్లకు ఏ భాషా పూర్తిగా పట్టుబడదేమోనని నా భయం. డబ్బు పెట్టడం దండగ అని నేను అనడం లేదు. ఆ డబ్బుతో నిజంగా కొంటున్నది ఏమిటో అనుభవమున్నవారు చెప్పాలని కోరుతున్నాను.


నాగావళి ఒడ్డు (రాయగడ)

అన్నగారూ, నా ఇద్దరు పిల్లలు ఆరేళ్లుగా ప్రైవేటు బడిలో చదువుతున్నారు. మా ఆయన కాగితం మిల్లులో కాంట్రాక్టు పనివాడు కాబట్టి డబ్బు విలువ మాకూ తెలుసు. అయినా ఆ నిర్ణయం తప్పని నేను ఒక్కనాడూ అనుకోలేదు.

మా పెద్దవాణ్ణి మొదట మా పేటలోని సర్కారు బడిలోనే వేశాము. ఐదు తరగతులకు ఇద్దరు ఉపాధ్యాయులు. ఒకరిని ఓటర్ల జాబితా పనికి పిలిస్తే రెండోవారే అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, అల్లరి చేయకుండా చూసుకుని ఇంటికి పంపేవారు. ఆవిడ చెడ్డ టీచరు కాదు, చాలా ఓపిక గల మనిషి. కాని రెండో తరగతి ముగిసినా మా వాడు ఒక వాక్యం సొంతంగా చదవలేకపోయాడు. నేను ఎవరిని అడగాలి? అడిగితే జవాబు చెప్పవలసిన వారెవరు? ప్రైవేటు బడిలో ఫీజు రసీదు చేతిలో ఉంటుంది గనుక ప్రిన్సిపాలు గది తలుపు తోసుకుని వెళ్లి అడగగలుగుతున్నాను. నేను కొన్నది ఆ హక్కును.

ఇది నా ఒక్కదాని అనుభవమని కొట్టిపారేయకండి. దేశమంతటా పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే 2022లో తేల్చినది ఇది: ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు సర్కారు బడుల్లో 38.5 శాతం, ప్రైవేటు బడుల్లో 56.8 శాతం. ఇంత తేడాను చూసి కూడా మన పిల్లలను ఎక్కడ వేయాలో తెలియదనడం ఎలా?


పాత పంతులు (బరంపురం)

అమ్మా, మీరు చెప్పిన అంకెలు సరైనవే, మీ పేటలోని బడి పరిస్థితీ నిజమే. ముప్పై రెండేళ్లు గంజాం, గజపతి జిల్లాల్లో తెలుగు మాధ్యమ బడుల్లో పనిచేసి దిగిపోయినవాణ్ణి. ఇద్దరు మాస్టర్లతో ఐదు తరగతులు నడపడమంటే ఏమిటో నాకు ఇంకొకరు చెప్పనవసరం లేదు. జనాభా లెక్కలకూ ఎన్నికలకూ విపత్తు సహాయానికీ ఉపాధ్యాయులను వాడుకోవచ్చని విద్యాహక్కు చట్టమే అనుమతించింది. అదే చట్టం ప్రాథమిక తరగతుల్లో ముప్పై మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలనీ అన్నది. మొదటిది ఎంత శ్రద్ధగా అమలవుతుందో రెండోది అంత శ్రద్ధగా అమలు కావడం నా ఉద్యోగకాలంలో చూడలేదు.

అయితే ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడా అంతా బడిదేనా అన్నది ఆలోచించాలి. ఫీజు కట్టగల ఇంట్లో సాధారణంగా తల్లో తండ్రో చదువుకుని ఉంటారు, పిల్లవాడికి చదువుకునేందుకు కాస్త చోటు ఉంటుంది, ట్యూషను ఉంటుంది. ఆ పిల్లలు సర్కారు బడిలో ఉన్నా కొంత ముందే ఉండేవారు. దీన్ని విడదీసి చూడాలంటే ఒకే రకం ఇళ్ల పిల్లలను రెండు చోట్లా చదివించి పోల్చాలి. అటువంటి పరిశోధన మన తెలుగు నేల మీదే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాలను తీసుకుని, సర్కారు బడి పిల్లల్లో దరఖాస్తు చేసుకున్నవారికి లాటరీ వేసి, పేరు వచ్చినవారికి ప్రైవేటు బడి ఫీజు అందే ఏర్పాటు చేయించారు. రెండేళ్ల తరువాత ఒకసారి, నాలుగేళ్ల తరువాత ఇంకొకసారి పరీక్షించారు. 2015లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం లాటరీలో గెలిచినవారికీ ఓడినవారికీ తెలుగులో తేడా లేదు, లెక్కల్లో లేదు, ఇంగ్లీషులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. సర్కారు బడుల్లో ఆ తరగతుల్లో చెప్పని హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లినవారు బాగా ముందున్నారు.

మహేంద్రతనయ గారి ప్రశ్నకు ఇంతకంటె దగ్గరి సాక్ష్యం నాకు తెలియదు. ఆయన తూచవలసినది తన పిల్లలకు ఆ బడి ఎంత కలుపుతుందని. అక్కడ ఇప్పటికే ఉన్న పిల్లలు ఎంత బాగున్నారన్నది వేరే సంగతి.

భాష మాటకు వస్తే, ఈ చర్చ పర్లాకిమిడి నుంచి మొదలు కావడం నాకు కాస్త వింతగా ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు అది. చుట్టుపక్కల కొండల మీది సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆయన సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, బడులు పెట్టించారు. పిల్లవాడికి అర్థమయ్యే మాటలో మొదలుపెట్టాలన్నది ఆయనకు ఉద్యమం కాకముందే పంతులుగా రోజూ ఎదురైన అవసరం. భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉన్నది. దాని ఆసరాతోనే మన తెలుగు బడులు ఇన్నాళ్లు ఒడిశాలో నిలిచాయి. మీరు పిల్లలను తీసుకుపోయే కొద్దీ హాజరు పట్టీ చిక్కిపోతుంది, పట్టీ చిక్కిపోయిన బడిని పక్క బడిలో కలుపుతారు. అలాగని బడిని బతికించడానికి మీ పిల్లను బలిపెట్టమని నేను అనను. నేనే నా పెద్ద కొడుకును కాన్వెంటుకు పంపినవాణ్ణి. ఈనాడు వాడికి నేను తెలుగులో ఉత్తరం రాస్తే ఫోటో తీసి తల్లికి పంపి చదివించుకుంటాడు. ఒడియా కూడా అంతంతమాత్రమే.

అమ్మాయి ఐదేళ్లు తెలుగులో చదివింది గనుక ఆ పునాది పడింది, దాన్ని ఇప్పుడు ఎవరూ తీసేయలేరు. ఆరో తరగతికి బ్లాకు కేంద్రాల్లో ఉన్న ఒడిశా ఆదర్శ విద్యాలయాలకు ప్రవేశ పరీక్ష రాయించండి. అవి సర్కారు బడులే. ఇంగ్లీషు మాధ్యమం, సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమం, ఫీజు లేదు. నవోదయకు కూడా రాయించవచ్చు, కాని అందులో 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. పట్టణంలో చదివిన మీ అమ్మాయి మిగిలిన వాటికి పోటీ పడాలి.


సుద్దముక్క (గుణుపురం)

పంతులు గారికి నమస్కారం. నేను గుణుపురంలో ఒక ప్రైవేటు బడిలో ఏడేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నా జీతం 9,000 రూపాయలు, వేసవిలో ఒక నెల రాదు. ఈ ఏడేళ్లలో నాతో పాటు చేరిన పదకొండు మందిలో ఇద్దరమే మిగిలాము, మిగిలినవారు బి.ఇడి. పూర్తి కాగానే సర్కారు ఉద్యోగాలకో విశాఖపట్నానికో వెళ్లిపోయారు. కాబట్టి తల్లిదండ్రులు కొనేది ఏమిటన్న ప్రశ్నకు లోపలి మనిషిగా జవాబు చెప్పగలను.

క్రమశిక్షణ నిజం. టీచరు రాని రోజు ఉండదు, వస్తేనే జీతం. డైరీలో రోజూ సంతకం పడుతుంది, నోటు పుస్తకాలు దిద్దుతాము. కాని దిద్దేది దేనిని? బోర్డు మీద నేను రాసిన జవాబును పిల్లవాడు తప్పు లేకుండా ఎక్కించుకున్నాడా లేదా అన్నదాన్ని. నాలుగో తరగతి లెక్కల్లో ప్రశ్న ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని నేను తెలుగులోనో ఒడియాలోనో చెబితే నిమిషంలో చేసే పిల్లవాడు, చెప్పకపోతే కూడాలో తీసివేయాలో తోచక నా ముఖం చూస్తాడు. తెలుగు మాట్లాడితే జరిమానా అని గోడకు కాగితం అంటించారు గనుక గొంతు తగ్గించి చెబుతాను. పంతులు గారు చెప్పిన పరిశోధనలోనే ఇంకొక సంగతి ఉంది: అక్కడి ప్రైవేటు బడులు తెలుగుకు నలభై శాతం, లెక్కలకు ముప్పై రెండు శాతం తక్కువ సమయం ఇచ్చి, ఆ సమయాన్ని ఇంగ్లీషు, హిందీ, సైన్సు, సాంఘికాలకు పంచాయి. మా బడిలో కాలపట్టిక చూసినా దాదాపు అదే తీరు.

మహేంద్రతనయ గారూ, బడిని నిర్ణయించే ముందు ఒక పని చేయండి. ఆ ప్రైవేటు బడిలో ఐదో తరగతి చదివే పిల్లవాణ్ణి ఒకరిని, తెలిసినవారి ఇంట్లోనే, కూర్చోబెట్టి వాడు ఎన్నడూ చూడని ఇంగ్లీషు పేరా ఒకటి చదివించి, అందులో ఏముందో ఏ భాషలోనైనా చెప్పమనండి. తరువాత మీ అమ్మాయిని తెలుగు పేరాతో అలాగే అడగండి. ప్రిన్సిపాలును మాత్రం గత సంవత్సరం ఉన్న టీచర్లలో ఈ సంవత్సరం ఎంతమంది ఉన్నారో అడగండి. ఫలితాల బోర్డు చూడకండి. దాన్ని రాయించేది నేనే, పైంటరు డబ్బు కూడా ఫీజులోనిదే.


నాగావళి ఒడ్డు (రాయగడ)

సుద్దముక్క గారు నిజం చెప్పారు, నేను ఒప్పుకుంటాను. కాని పంతులు గారూ, ఆ పరిశోధనలో మీరు వదిలేసిన ఒక వాక్యం ఉన్నది. ఆ ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లవాడికి అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అంటే మూడో వంతు ఖర్చుతో అవే మార్కులు, పైగా హిందీ. నష్టపోతున్నది ఎవరు? సర్కారు బడికి నేను పన్ను కడుతున్నాను, అక్కడ చదువు అందక మళ్లీ ఫీజు కడుతున్నాను. నా తప్పు రెండుసార్లు కట్టడమేనా?

ఇంకొక మాట. సగటున తేడా లేదంటే ప్రతి బడిలోనూ లేదని కాదు గదా. మా పేటలో ఇద్దరు టీచర్ల బడికీ, ఇప్పుడు మా వాడు చదువుతున్న బడికీ మధ్య తేడా నా కళ్లతో చూశాను. మంచి సర్కారు బడి పక్కనే ఉన్నవారు అందులో వేయవచ్చు. లేనివారికి ఏం చెబుతారు?


పాత పంతులు (బరంపురం)

లేనివారికి చెప్పగలిగినది నా దగ్గర లేదమ్మా. మీ స్థానంలో ఉంటే నేనూ మీరు చేసినదే చేసేవాణ్ణి, చేశాను కూడా. మహేంద్రతనయ గారి అమ్మాయి బడి మీ పేట బడి వంటిది కాకపోతేనే నా సలహా వర్తిస్తుంది.


ఘాట్ రోడ్డు (జయపురం)

ఇంతవరకు ఎవరూ ముట్టని రెండు సంగతులు చెబుతాను. నేను సర్కారు బడిలో చదివి ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్న తెలుగువాణ్ణి.

మొదటిది ఒడియా. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలు తెరిచి చూడండి. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలనీ, కనీసం ఎం.ఇ. స్థాయిలో, అంటే ఏడో తరగతిలో, ఒడియా ఒక భాషగా ఉత్తీర్ణులై ఉండాలనీ రాసి ఉంటుంది. నాతో పాటు పోటీ పరీక్షలకు తయారైన ఒక తెలుగు మిత్రుడు ఖరీదైన బడిలో ఇంగ్లీషు, హిందీ తీసుకుని పట్టా దాకా వచ్చి, చివరికి ఒడియా పరీక్షకు విడిగా కూర్చోవలసి వచ్చింది. మన పిల్లలు ఇక్కడే బతకాలనుకుంటే ప్రైవేటు బడిలో చేర్చేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇంగ్లీషు గురించి కాదు, రెండో భాషగా ఒడియా ఏడో తరగతి దాకా ఉందా లేదా అని.

రెండోది నది అవతలి బడి. ఆంధ్రలో వృత్తివిద్యా సీట్లలో 85 శాతం స్థానికులవి. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివితే స్థానికత వస్తుంది, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు వరకు. పాతపట్నంలో ఆరు, ఏడు, ఎనిమిది చదివించి మళ్లీ ఇటు తీసుకువస్తే అటు స్థానికత దక్కదు, ఇటు ఒడియా పోతుంది. పంపితే చివరిదాకా పంపాలి, లేదా పంపకూడదు. మధ్యలో వెనక్కి తెచ్చిన కుటుంబాలను మా బంధువుల్లోనే రెండింటిని చూశాను.

డబ్బు లెక్కలో కూడా ఒక అంకె తప్పిపోయింది. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ మీన్స్ కమ్ మెరిట్ ఉపకారవేతన పరీక్ష సర్కారు, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల పిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు, మీది 2,64,000. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లకు 48,000 వస్తాయి. ప్రైవేటు బడిలో ఉంటే ఆ పరీక్ష హాలులోకి వెళ్లే అర్హతే ఉండదు.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ కృతజ్ఞతలు. సుద్దముక్క గారు చెప్పినట్లే చేశాను. మా వదినగారి మనవడు ఆ బడిలోనే ఐదు చదువుతున్నాడు. ఇంగ్లీషు పేరాను గడగడా చదివాడు, ఉచ్చారణ విని నేనే సిగ్గుపడ్డాను. అందులో ఏముందని అడిగితే మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి తెలుగు పేరాను నెమ్మదిగా చదివింది, రెండు చోట్ల ఒత్తులు తప్పింది, కాని కథ చెప్పి, చివర్లో ఆ ముసలివాడు అలా చేయడం తనకు నచ్చలేదని కూడా అన్నది. అదే అమ్మాయికి ఇంగ్లీషు పేరా ఇస్తే మూడో మాట దగ్గర ఆగిపోయింది. ఇది మా ఇంటివారు పక్కనే నిలబడి చూశారు గనుక ఎవరి వాదన గెలిచిందో తేలలేదు.

అమ్మాయి విషయంలో మాత్రం ఇద్దరమూ ఒక మాట మీదికి వచ్చాము. ఆదర్శ విద్యాలయం పరీక్ష రాయిస్తాము. సీటు రాకపోతే ఊళ్లోని సర్కారు ఉన్నత పాఠశాలలోనే ఒడియా మాధ్యమంలో చేరుస్తాము. ఆరు నుంచి పది దాకా ప్రైవేటుకు పెట్టవలసి వచ్చే 2,21,500 రూపాయల్లో కొంత తీసి, ఈ వేసవిలోనే ఒడియాకూ ఇంగ్లీషుకూ ఇంటి దగ్గర ఒక టీచరమ్మను పెట్టాలనుకుంటున్నాము. పాతపట్నం ఆలోచన మానుకున్నాము.

అబ్బాయి సంగతి తెగలేదు. అమ్మాయి బడిలో ఇప్పుడు ముగ్గురు టీచర్లు ఉన్నారు, వారిలో ఒకరు ఈ జూలైలో పదవీ విరమణ చేస్తారు. ఆ ఖాళీ నింపుతారా అని అడగడానికి సోమవారం బ్లాకు విద్యాధికారి కార్యాలయానికి వెళ్తున్నాను. నింపకపోతే నాగావళి ఒడ్డు గారి మాటే నాకూ గతి. అప్పుడు వాణ్ణి వేయబోయే ప్రైవేటు బడిలో ఏడో తరగతి దాకా ఒడియా ఉందో లేదో ఫోను చేసి అడిగాను. ఆఫీసు గుమాస్తా హిందీ ఉందని చెప్పాడు, ఒడియా గురించి మళ్లీ అడిగితే ప్రిన్సిపాలు గారిని కనుక్కుని చెబుతానన్నాడు. నాలుగు రోజులైంది, ఇంకా చెప్పలేదు.